భూమి కొనేముందు 30 ఏళ్ల ఈసీ చాలా, ఖాస్రా పహాణీ దాకా తవ్వాలా?

నల్లరేగడి: తెలంగాణలో ఒక ఊళ్లో 2 ఎకరాల పట్టా భూమి చూశాం. వకీలు గారు 30 ఏళ్ల ఈసీ (భూమి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) చూసి క్లియర్ అన్నారు. మా మామయ్య మాత్రం సేత్వార్ (నిజాం కాలపు సర్వే రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (భూమి ఎవరిది, సాగు ఎవరిది అని రాసిన రెవెన్యూ రికార్డు) చూడందే బయానా ఇవ్వొద్దంటున్నాడు. అమ్మేవాళ్లేమో "అంత అనుమానముంటే వేరే భూమి చూసుకోండి" అంటున్నారు. నేనే అతి చేస్తున్నానా?

గట్టుమీద: అతే. పహాణీలో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు రాదని, పోదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. హక్కే ఇవ్వని కాగితం కోసం నెల రోజులు ఆఫీసుల చుట్టూ తిరగడం దేనికి? నిజాం దాకా వెళ్తే ఈ రాష్ట్రంలో ఎవరూ గుంట కూడా కొనలేరు.

ఫసలీబాబు: అన్నా, మీరు చెప్పిన చట్టం కరెక్టే. కానీ ఖాస్రాలో వెతకాల్సింది ఓనరు పేరొక్కటే కాదు, ఆ భూమి ఏ రకందో. సర్కారీనా, ఇనామా (పాలకులు దానంగా ఇచ్చిందా), పట్టానా? పట్టాదారు ఒకరు, కాస్తు (సాగు) కాలమ్‌లో ఇంకొకరు ఉన్నారా? ఇనాం అయితే 1955 ఇనాంల రద్దు చట్టం కింద ఓఆర్‌సీ (ఆక్యుపెన్సీ హక్కు సర్టిఫికెట్) వచ్చిందా అని అడగాలి. సర్కారీ అయితే ఇప్పుడు పట్టా ఎలా అయిందో చూడాలి. అసైన్‌మెంట్ భూమి (సర్కారు పేదలకిచ్చింది) అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకమే చెల్లదు. ఇవేవీ ఈసీలో కనపడవు. అందులో కనిపించేది రిజిస్టర్ అయిన లావాదేవీలే.

నా అనుభవం చెప్తా. మేం కొన్నదానికి ముందు 3 రిజిస్ట్రేషన్లు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. కొన్న రెండేళ్లకి ఒక కుటుంబం వచ్చి, వాళ్ల తాత రక్షిత కౌలుదారు అని 1950 కౌలు చట్టం కింద ఇచ్చిన 38-ఇ సర్టిఫికెట్ (కౌలుదారుకే యాజమాన్య హక్కు ఇచ్చే పత్రం) చూపించారు. కేసు ఇంకా నడుస్తోంది. రక్షిత కౌలుదార్ల రిజిస్టరు ముందే చూసుంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

గట్టుమీద: సరే, కౌలుదార్ల సంగతి ఒప్పుకుంటా. కానీ ఖాస్రాలోనూ తప్పులు, దిద్దుబాట్లు బోలెడు. దాన్నే వేదంలా చూస్తే ఎలా?

ఫసలీబాబు: ఒక్కదాన్నే పట్టుకోవద్దనే నేనూ అనేది. వెనక సేత్వార్, తర్వాత 1955-58 చేసాల పహాణీ, ఆపై ఏటా పహాణీలు పక్కపక్కన పెట్టండి. మధ్యలో ఒక్క ఏడాదే కొత్త పేరు ఊడిపడిందా, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఉత్తర్వు ఏదని అడగండి. పాత కాగితాల్లో ఉండే ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం)కి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1344 ఫసలీ అంటే 1934. మా బావమరిది 1344ని ఇంగ్లీషు సంవత్సరమనుకుని అది కాకతీయుల తర్వాతి కాగితమన్నాడు, అది వేరే కథ.

నక్షబాట: అందరూ కాగితాల్లోనే ఉన్నారు, పటం ఎవరూ చూడలేదేం? గ్రామ నక్ష (ఊరి సర్వే పటం)లో చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి), వాగు, బాట ఎక్కడున్నాయో చూడండి. ఇప్పుడు దున్నేసి కనపడని బాట కూడా నక్షలో ఉంటుంది. కానీ స్కేలు పెట్టి నక్ష మీద కొలతలు తీయకండి, అంత చిన్న పటంలో గీత మందమే గట్టు కన్నా వెడల్పు. కొలతలకు టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) కావాలి. గుంట అంటే 33 అడుగులకు 33, అంటే 121 గజాలు. టిప్పన్‌కి, పాస్‌బుక్‌కి, నేల మీద కబ్జాకి మూడింటికీ లెక్క కుదరాలి. మాకు నేల మీద 6 గుంటలు తగ్గాయి.

గట్టుమీద: టిప్పన్ విషయంలో మాత్రం నాకు పేచీ లేదు.

నల్లరేగడి: కాగితాలు చూశాకే బయానా అని అమ్మేవాళ్లకు చెప్పేశాను. ఫోన్ పెట్టేశారు. సాయంత్రం వాళ్ల పెద్దాయనే ఫోన్ చేసి "సేత్వార్ నకలు మా ఇంట్లోనే ఉంది బిడ్డా, ముందే అడగొచ్చు కదా" అని ఫొటో పంపారు. సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు కూడా పెడుతున్నాం. ఫొటోలో ఉన్నదంతా ఉర్దూ. చదివి చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?