జ్వరం లేకుండానే పెద్దవారికి దమ్ము: మనుమరాలి సర్దే కారణమై ఉంటుందా?

ప్రశ్న (హనుమకొండ):
మా బాపుకు 74 ఏళ్లు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య చాలా ఏళ్లు పనిచేసినందున దగ్గు ఆయనకు కొత్త కాదు. సంక్రాంతికి వచ్చిన మూడేళ్ల మనుమరాలికి ముక్కు కారుతున్నా, ఒళ్లో కూర్చోబెట్టుకుని సకినాలు తినిపించారు. పాపకు త్వరగానే తగ్గిపోయింది కానీ, ఐదో రోజు నుండి బాపు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. జ్వరం లేదు. కోవిడ్, ఫ్లూ పరీక్షలు రెండూ నెగెటివ్ వచ్చాయి. ఇది వైరస్ కాదు, మిర్చి ఘాటుకు వచ్చిన పాత దమ్మేనని ఇంట్లోవారు అంటున్నారు. నిజమేనా?

జవాబు 1 (ఊపిరితిత్తుల విభాగం వైద్యుడు):
ఆ రెండు పరీక్షలు ఆ రెండు వైరస్‌లనే వెతుకుతాయి. మీరు చెప్పిన వరుస చూస్తే నాకు ముందుగా శ్వాసకోశానికి సోకే వైరస్ అయిన ఆర్‌ఎస్‌వీ మీద అనుమానం కలుగుతోంది. 1956లో మొదట చింపాంజీలలో గుర్తించిన ఈ వైరస్ సోకిన నాలుగు నుండి ఆరు రోజులకు లక్షణాలు బయటపడతాయి, మూడేళ్ల పిల్లలలో తరచుగా మామూలు సర్దిలాగే పోతుంది, పాత దమ్ము ఉన్న వృద్ధులలో మాత్రం ఛాతీలోకి దిగి పిల్లికూతలు తెప్పిస్తుంది. వృద్ధుల ముక్కులో వైరస్ తక్కువగా ఉంటుంది కనుక ఆర్‌ఎస్‌వీ రాపిడ్ పరీక్ష కూడా తప్పిపోవచ్చు, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష మేలు. 2025 జనవరిలో టీవీలు కొత్త వైరస్ అంటూ హడావుడి చేసిన హెచ్‌ఎంపీవీ కూడా ఇలాంటిదే. దానిని 2001లో నెదర్లాండ్స్‌లో గుర్తించారు, అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుండే అది మనుషులలో తిరుగుతోంది. జ్వరం లేదన్న మాటకు ఈ వయసులో పెద్ద విలువ లేదు, రోగనిరోధక స్పందనే మందగిస్తుంది.

జవాబు 2 (జమ్మికుంట):
మా అమ్మ విషయంలో మేము అక్కడే మోసపోయాము. ఒళ్లు కాలలేదు, దగ్గు కూడా అంతగా లేదు. పొద్దున చాయ్ గ్లాసు అట్లాగే ఉంచి, ఎప్పుడో చనిపోయిన మా పెద్దమ్మ ఎక్కడుందని అడిగింది. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి పెడితే 87 చూపింది. అప్పటికే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ తెచ్చి మూడు రోజులు వేశాము.

జవాబు 1:
యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. అయితే ఫ్లూ తగ్గుతున్నట్టే అనిపించి మళ్లీ జ్వరం, పసుపు తెమడ వస్తే బాక్టీరియా న్యుమోనియా తోడైందేమో చూడాలి, అప్పుడది అవసరమే. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టమివిర్ మొదటి 48 గంటలలో మొదలుపెడితే మేలు ఎక్కువ. ఆర్‌ఎస్‌వీకి అటువంటి మాత్ర లేదు, ఆక్సిజన్, నెబులైజర్ వంటి వాటితోనే నెట్టుకు రావాలి. అన్నట్టు, చేతులు చల్లగా ఉంటే ఆక్సీమీటర్ తప్పు చూపుతుంది, వేళ్లు రుద్ది మళ్లీ చూడండి. ఆయనకు ఎప్పుడూ ఉండే అంకె కంటే తగ్గితే తెల్లవారేదాకా ఆగవద్దు.

ప్రశ్న అడిగినవారు:
పోయిన నెలలో 96 ఉండేది. చేతులు వెచ్చచేసి రెండు సార్లు చూశాము, 91. ఆటో పిలిచాము.