డాయ్‌లీ కార్ట్, గిల్బర్ట్, సలివన్: తివాచీ గొడవలో అసలు లెక్క ఏమిటి?

రంగదీపం:
లండన్ నాటక నిర్వాహకుడు రిచర్డ్ డాయ్‌లీ కార్ట్ (1844–1901) గురించి ఎక్కడ చదివినా, 1890లో ఒక తివాచీ దగ్గర కార్ట్, రచయిత గిల్బర్ట్, స్వరకర్త సలివన్ ముగ్గురికీ చెడిందనే ఉంటోంది. 1875 నుంచి కలిసి పనిచేసినవాళ్లు 140 పౌండ్ల తివాచీ కోసం కోర్టుకెక్కుతారా? వాళ్ల మధ్య పంపకం ఎలా ఉండేది?

ప్రాంప్టర్:
తగాదా తివాచీది కాదండీ, ఒప్పందంలోని ఒక్క ముక్కది. 1883 ఫిబ్రవరిలో ఐదేళ్లకు రాసుకున్నారు, తర్వాతా అదే పద్ధతి నడిచింది. వసూళ్లలోంచి ముందు ఖర్చులన్నీ తీసేయాలి. సవాయ్ థియేటర్‌కి ఏటా 4,000 పౌండ్ల అద్దె కూడా అందులోదే. మిగిలింది మూడు సమాన వాటాలు. ఖర్చుల్లో ‘ప్రదర్శనలకు సంబంధించిన మరమ్మతులు’ కూడా చేరతాయని రాశారు. చిక్కంతా ఇక్కడే. థియేటర్ కార్ట్ సొంతం. ముందు హాల్లో వేసిన కొత్త తివాచీ మరమ్మతు కిందికి వస్తుందా, యజమాని ఆస్తికి పెట్టిన ఖర్చా? మరమ్మతు అనుకుంటే గిల్బర్ట్ వాటా మీద పడేది 47 పౌండ్లే. కానీ వాళ్ల హాస్య ఆపెరా (పాటలతో నడిచే నాటకం) ‘గాండలియర్స్’ మొదలుపెట్టడానికే 4,500 పౌండ్లయిందని లెక్క చూపించేసరికి ఆయన పద్దులన్నీ తిరగేయమన్నాడు. అడగడం సబబే.

గ్యాలరీ సీటు:
పద్దులు తీస్తే ఒక్క విద్యుత్ దీపాల ఖాతాలోనే దాదాపు 1,000 పౌండ్లు ఎక్కువ పడ్డాయని కార్ట్ ఒప్పుకోవాల్సి వచ్చింది. కావాలని చేసింది కాదన్నాడు. మొత్తం భవనానికి విద్యుత్ దీపాలు పెట్టిన మొదటి థియేటర్ సవాయ్. సుమారు 1,200 దీపాలు, పక్క ఖాళీ స్థలంలో 120 హార్స్‌పవర్ ఇంజన్లు. 1881 అక్టోబర్ 10న తెరిచినప్పుడు ఆ శక్తి ప్రేక్షకుల హాలుకే సరిపోయింది, రంగస్థలం మీద డిసెంబర్ 28 దాకా గ్యాసే. ప్రమాదం లేదని చూపించడానికి కార్ట్ వెలుగుతున్న దీపాన్ని పల్చటి గుడ్డలో చుట్టి అందరి ముందూ పగలగొట్టాడు, గుడ్డ కాలలేదు. నంబరు సీట్లు, ఉచిత ప్రోగ్రాం కాగితాలు కూడా ఆయన చలవే.

రంగదీపం:
మరి సలివన్ కార్ట్ పక్షం ఎందుకు చేరాడు?

ప్రాంప్టర్:
సలివన్ స్వరపరుస్తున్న పెద్ద ఆపెరా ‘ఐవన్‌హో’ కోసం కార్ట్ అప్పటికే ఇంకో థియేటర్ కడుతున్నాడు. గిల్బర్ట్‌ని ఎక్కువ నొప్పించింది సలివన్ అఫిడవిట్. పాత కేసు తాలూకు లాయరు ఖర్చులు ఇంకా బాకీ ఉన్నాయని అందులో రాశాడు, అవి అప్పటికే చెల్లించేశారు.

ఆ కొత్త థియేటర్ దెబ్బతినడానికీ నిర్వహణ లోపమే కారణం. 1891 జనవరి 31న తెరిచి, హాస్య నాటికలా రోజూ ‘ఐవన్‌హో’ ఒక్కటే ఆడించారు. అంత బరువైన పాత్రలు రోజూ ఒకే గాయకులు పాడలేరు కనుక ముఖ్య పాత్రలకు రెండేసి జతలు పెట్టుకోవాల్సి వచ్చింది. సుమారు 155 ప్రదర్శనలు నడిచాయి, గంభీరమైన ఆపెరాకి అది చిన్న సంఖ్య కాదు. అయితే అది ఆగేసరికి వెనక ఇంకో ఇంగ్లీషు ఆపెరా సిద్ధంగా లేదు. ఫ్రెంచి ఆపెరా ఒకటి తెచ్చి ఆడించినా ఖర్చులు గిట్టలేదు. భవనం నష్టానికి అమ్ముడై, 1892లో ప్యాలెస్ అన్న పేరుతో వెరైటీ ప్రదర్శనల హాలు అయింది.