పాత ఓమ్నికి ఏ కూలెంట్ పోయాలి?

ప్రశ్న: బండి 2007 మారుతి ఓమ్ని వ్యాను, పెట్రోలు. ఇన్నాళ్లూ బోరు నీళ్లే పోశారు. రేడియేటర్ మూత తీస్తే నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. షాపులో పచ్చదీ ఉంది, ఎర్రదీ ఉంది. ఏది తీసుకోవాలి? నీళ్లు గడ్డకట్టేంత మంచు మనకు పడదు కదా, నీళ్లు చాలంటున్నాడు మెకానిక్. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచే కవాటం) కూడా పీకేద్దామంటున్నాడు.

జవాబు: రంగు చూసి కొనకండి, అది కలిపిన అద్దకమే. ఒక కంపెనీ పచ్చది ఇంకో కంపెనీ పచ్చదానితో సరిపోవాలని లేదు. డబ్బా వెనక చదవండి: ఐఎస్ 5759 (భారత ప్రమాణం) లేదా జేఐఎస్ కె 2234 (జపాన్ ప్రమాణం) అని ఉండాలి, ఇథిలీన్ గ్లైకాల్ ఆధారితమని రాసి ఉండాలి. వట్టి రంగునీళ్లు కూడా కూలెంట్ పేరుతో అమ్ముతున్నారు.

మంచు సంగతి పక్కన పెట్టండి. మన ఎండలకు కావాల్సింది రెండు: తుప్పు ఆపడం, మరిగే ఉష్ణోగ్రత పెంచడం. ఓమ్ని ఇంజన్ బ్లాకు (ప్రధాన భాగం) పోత ఇనుము, దాని మీద బిగించే హెడ్ అల్యూమినియం. రెండు లోహాల మధ్య మామూలు నీళ్లు నిలిస్తే తినేస్తాయి. సగం గ్లైకాల్, సగం నీళ్లు కలిపితే మూత లేకుండానే 107 డిగ్రీల దాకా మరగదు. మూత సరిగ్గా బిగిసి ఒత్తిడి నిలిస్తే ఇంకో 20 డిగ్రీలు అటూ ఇటూ పెరుగుతుంది. అందుకే మూత రబ్బరు ఎండి పగిలితే ముందు మూత మార్చండి, పాతదాని మీద అచ్చు వేసిన ఒత్తిడి అంకె చూసి అదే కొనండి.

ఇంకో జవాబు: ముందుగా రేడియేటర్ దేనితో చేసిందో చూసుకోండి. ఇత్తడి, రాగి రేడియేటర్ టంకం వేసినదైతే సిలికేట్ (తుప్పు ఆపే మందు) ఉన్న పాత రకం కూలెంటే మేలు, రెండేళ్లకోసారి మార్చాలి. అల్యూమినియం, ప్లాస్టిక్ ట్యాంకుల రేడియేటర్ వేయించి ఉంటే ఎక్కువ కాలం వచ్చే ఆర్గానిక్ యాసిడ్ రకం పోయొచ్చు. రెండు రకాలూ కలపొద్దు: తుప్పు ఆపే మందులు ఒకదాన్నొకటి బలహీనపరుస్తాయి, కొన్నిసార్లు జిగురులా గడ్డకట్టి సన్నని గొట్టాల్లో పేరుకుంటాయి.

ప్రశ్న: ఇప్పుడున్న ఇటుక నీళ్లు తీసి నేరుగా కొత్తది పోయొచ్చా?

జవాబు: వద్దు. పూర్తిగా చల్లారాక (వేడి మీద మూత తిప్పితే మొహం మీదకు చిమ్ముతుంది) కింది డ్రెయిన్ వదలండి. డ్రెయిన్ బిగుసుకుపోతే కింది హోస్ పైపు క్లాంపు వదిలించండి. థర్మోస్టాట్ తీసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఆఖరి రెండుసార్లూ డీమినరలైజ్డ్ నీళ్లు, అంటే బ్యాటరీ వాటర్‌తోనే. బోరు నీళ్లలోని కాల్షియం వేడికి పొలుసు కడుతుంది, ఆ పొలుసు వేడిని బయటికి పోనివ్వదు. యాసిడ్‌తో కడిగితే అల్యూమినియం తినేస్తుంది, టంకమూ ఊడొచ్చు.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. డ్రెయిన్ తీసినా బ్లాకులో కొంత నీళ్లు మిగులుతాయి. రెడీమిక్స్ (ముందే నీళ్లు కలిపి అమ్మేది) పోస్తే అది పలచనైపోతుంది. కాన్‌సెంట్రేట్ (నీళ్లు కలపనిది) కొనండి. ఉదాహరణకు మొత్తం 4 లీటర్లు పట్టే బండిలో 2 లీటర్లు కాన్‌సెంట్రేట్ ముందు పోసి, మిగతాది బ్యాటరీ వాటర్‌తో నింపాలి. మీ బండికి ఎంత పడుతుందో మాన్యువల్‌లో చూడండి. కాన్‌సెంట్రేట్ అచ్చంగా పోయకండి, గ్లైకాల్ నీళ్లంతగా వేడి లాగలేదు.

కడగడం అయ్యాక, కూలెంట్ పోసే ముందే థర్మోస్టాట్ తిరిగి బిగించండి. అది లేకపోతే ఇంజన్ చల్లగానే నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అనుమానముంటే దారం కట్టి వేడినీళ్లలో వేలాడదీయండి: దాని మీద రాసి ఉన్న డిగ్రీ దగ్గర తెరుచుకోవాలి, చల్లారితే మూసుకోవాలి.

ఇంకో జవాబు: ఓమ్నిలో ఇంజన్ సీటు కింద, రేడియేటర్ ముందు. మధ్యలో పైపులు పొడుగు కాబట్టి గాలి చిక్కుతుంది. ముందు చక్రాలు ర్యాంపు ఎక్కించండి, హీటర్ ఉంటే పూర్తి వేడిలో పెట్టండి, మూత తీసి ఇంజన్ ఐడిల్‌లో వదలండి. పై హోస్ వేడెక్కాక మట్టం ఒక్కసారిగా పడిపోతుంది, అప్పుడు నింపండి. బుడగలు ఆగి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాక మూత బిగించండి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూడండి.

బుడగలు ఎంతసేపటికీ ఆగకపోతే అది చిక్కిన గాలి కాదు, హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందేమోనని అనుమానించాలి. డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలరంగుకు తిరిగిందేమో చూడండి.

ప్రశ్న: తర్వాత మట్టం తగ్గితే నీళ్లు పోయొచ్చా?

జవాబు: దారిలో ఇబ్బందైతే, ఇంజన్ చల్లారాక తాగే నీళ్లు పోయొచ్చు. కాగిన ఇంజన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్ వంకర పోతుంది. ఇంటికొచ్చాక సరైన మిశ్రమంతో మార్చండి. మాటిమాటికీ తగ్గుతుంటే వాటర్ పంపు కింది రంధ్రం తడిగా ఉందా, క్లాంపుల దగ్గర తెల్లని చార ఉందా చూడాలి. తీసిన పాత కూలెంట్ మూత ఉన్న డబ్బాలో పోసి ఉంచండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. పిల్లలకూ అంతే ప్రమాదం.