2147483647 ప్రధాన సంఖ్యేనని కాగితం మీద ఎలా తేల్చారు?

కోడ్‌కూలీ:
జావా ప్రోగ్రామింగ్ భాషలో ఇంట్ (పూర్ణాంకాలు దాచుకునే 32 బిట్ల రకం)లో పట్టే అతిపెద్ద విలువ 2147483647 కదా, అది ప్రధాన సంఖ్య కూడానట. మా టీమ్‌లో ఒకాయన చెప్తే లూప్ రాసి చూశా, రెప్పపాటులో తేలిపోయింది. కానీ గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1772 నాటికే తేల్చేశాడంటున్నారు! వర్గమూలమే 46340 పైచిలుకు. అంతదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించుకుంటూ కూర్చున్నాడా? ఇంకోటి, ఇంట్ హద్దు కావాలనే ప్రధాన సంఖ్య అయ్యేలా పెట్టారా?

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
అన్నింటితో ఎందుకు భాగిస్తాడు నాయనా, ముందు జల్లెడ పట్టాడు.

ఇది 2³¹ − 1. దీనికి ఒక ప్రధాన కారణాంకం ఉందనుకో. దానితో 2³¹ని భాగిస్తే శేషం 1 రావాలి. 31 ప్రధాన సంఖ్య కాబట్టి, ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ కారణాంకంలోంచి 1 తీసేస్తే మిగిలేది 31 గుణిజం అయి తీరాలి. పైగా అది సరి సంఖ్య, అంటే 62 గుణిజం. ఇక అసలు మెలిక: 2³²కి శేషం 2 వస్తుంది. 2³² అంటే 2¹⁶కి వర్గం. ఒక వర్గానికి 2 శేషంగా వచ్చిందంటే, ఆ కారణాంకాన్ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. రెండు షరతులూ కలుపు: 248 గుణిజానికి 1 గానీ 63 గానీ కలిపితే వచ్చేవే పనికొస్తాయి.

46340 లోపు అలాంటివి 373. వాటిలో 63, 249, 497 లాంటివి ప్రధాన సంఖ్యలే కావు, కొట్టేయ్. మిగిలేవి వందలోపే. మొదట 311, శేషం 35. తర్వాత 1303, శేషం 226. ఇలా చివరిదాకా. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది, అదీ సంగతి.

పాత సీ ప్రోగ్రామర్:
ఇంట్ హద్దు సంగతి కాకతాళీయమే. 16 బిట్ల ఇంట్ హద్దు 32767, అంటే 7 × 31 × 151. 64 బిట్లదైతే 7తోనే పోతుంది. కానీ ఈ గుణాన్ని వాడుకున్నవాళ్లున్నారు. 1988లో పార్క్, మిల్లర్ సూచించిన ర్యాండమ్ నంబర్ పద్ధతిలో, ముందు వచ్చిన సంఖ్యను 16807తో, అంటే 7⁵తో, హెచ్చించి 2147483647తో భాగించి శేషం తీసుకుంటారు. 1 నుంచి 2147483646 దాకా ప్రతిదీ ఒక్కోసారి వచ్చాకే మళ్లీ మొదటికొస్తుంది. భాజకం ప్రధాన సంఖ్య కాకపోతే ఈ ఆట సాగదు.

ఇంటర్ ఎంపీసీ:
మాస్టారూ, 31 ప్రధాన సంఖ్య కాబట్టే ఇదీ అయిందా?

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
కాదమ్మా. 11 కూడా ప్రధాన సంఖ్యే, కానీ 2¹¹ − 1 అంటే 2047, అది 23 × 89. రెండింట్లోంచీ 1 తీసి చూడు, 22 గుణిజాలే. ఇప్పుడు 2²³ − 1 నువ్వే పట్టు. ఇదే జల్లెడ వాడితే మొదటి భాగహారంలోనే దొరుకుతుంది.