పొడిచర్మానికి షియా బటర్ ఒక్కటే చాలా, కింద లోషన్ కూడా పడాలా?

సందేహి: శుద్ధి చేయని షియా (ఆఫ్రికాలో పెరిగే ఒక చెట్టు గింజల నుంచి తీసే వెన్నలాంటి కొవ్వు) రాస్తే పొద్దున మెత్తగా ఉంటుంది, మధ్యాహ్నానికి కాళ్ల పిక్కల మీద మళ్లీ తెల్లగా పొట్టు లేస్తుంది. బటర్ చాలని కొందరు, కింద గ్లిజరిన్ లోషన్ ఉండాలని కొందరు. ఏది నమ్మాలి?

వెన్నముద్ద: చాలు. షియా చర్మానికి తేమ ఇస్తుంది. తేడా అంతా రాసే తీరులోనే. గోరువెచ్చని నీళ్లతో 10 నిమిషాల్లో స్నానం ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే 3 నిమిషాల లోపు రాయాలి. పిక్కకి బఠాణీ గింజంత. ముందు అరచేతుల్లో పూర్తిగా కరగాలి. గడ్డగా ఉండగా రుద్దితే ఒకచోట జిడ్డు మేట వేస్తుంది, పక్కనే ఏమీ అంటదు. మధ్యాహ్నం పొట్టు లేచేది అలాంటి చోట్లే.

నీటిచుక్క: తేమ ఇవ్వదండీ. షియాలో నీటిచుక్క లేదు, అది పూర్తిగా కొవ్వు. పొలుసుల మధ్య సందులు పూడ్చి నున్నగా చేస్తుంది, ఉన్న నీరు ఆవిరి కాకుండా కొంత ఆపుతుంది. అంతే. పైపొరలో నీరు సుమారు 10 శాతం కన్నా తగ్గిందంటే చర్మం పెళుసుబారి చిట్లుతుంది. అలా ఆరిపోయిన దాని మీద బటర్ పులమడం ఖాళీ కుండకు మూత పెట్టడమే. నీటిని పట్టి ఉంచేది గ్లిజరిన్, క్రీముల్లో వేసే యూరియా లాంటివి.

వెన్నముద్ద: చర్మం కుండ కాదు. కింది పొరల నుంచి నీరు ఎప్పుడూ పైకి ఊరుతూనే ఉంటుంది. మూత పెడితే అదే పైపొరలో నిలుస్తుంది. ఫలితం తేమే కదా? మరి "ఇస్తుంది" అంటే తప్పేంటి?

నీటిచుక్క: ఆ మూత ఎంత బిగువుదన్నదే ప్రశ్న. ఆవిరిని ఆపడంలో పెట్రోలియం జెల్లీ దరిదాపుల్లోకి ఏ మొక్క నూనే రాదు.

వెన్నముద్ద: వచ్చేసింది జెల్లీ! ఈయన ఉన్న ప్రతి చర్చా అక్కడికే జారుతుంది. పోయినసారి పెదాల పగుళ్ల గురించి అడిగినా ఇదే పాట.

గరుకు: మధ్యలో వస్తున్నా. డబ్బాలో రవ్వలాంటి పలుకులు కట్టాయి. పాడైనట్టేనా?

వెన్నముద్ద: కాదు. కరిగిన షియా మెల్లగా చల్లారితే అందులోని స్టియరిక్ ఆమ్లం (త్వరగా గట్టిపడే రకం కొవ్వు ఆమ్లం) ఎక్కువున్న కొవ్వు ముందుగా గడ్డకట్టి పలుకులవుతుంది. ఎండ తగిలే కిటికీ పక్కన పెడితే జరిగేది ఇదే. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, ఒక్క పలుకూ మిగలకుండా కరిగించండి. నేరుగా మంట మీద వద్దు. 75 గ్రాముల షియాకు 25 గ్రాముల పొద్దుతిరుగుడు నూనె కలిపి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. అంచులు బిగుసుకుని నడుమ మెత్తగా ఉన్నప్పుడు తీసి గిలక్కొట్టండి. ఈ పనిలో ఒక్క చుక్క నీరు కూడా పడకూడదు. పాడైందో లేదో వాసనే చెబుతుంది: ముక్కిన వాసన వస్తే పారేయండి, పలుకులకు భయపడకండి.

నీటిచుక్క: ఇది బాగా చెప్పారు. పొద్దుతిరుగుడు బదులు ఆలివ్ నూనె మాత్రం వద్దు. అందులో ఒలీయిక్ అనే మరో రకం కొవ్వు ఆమ్లం ఎక్కువ, అది చర్మపు రక్షణ పొరను వదులు చేస్తుంది. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో ఆలివ్ ఆ పొరను దెబ్బతీసింది, పొద్దుతిరుగుడు తీయలేదు.

వెన్నముద్ద: షియాలోనూ ఒలీయిక్ ఉంది. మరి దాన్నీ మానేద్దామా?

నీటిచుక్క: షియాలో ఒలీయిక్‌కి దాదాపు సమానంగా స్టియరిక్ కూడా ఉంది. ఆలివ్‌లో అది నామమాత్రం.

పచ్చాకు: బటర్‌లో కలబంద గుజ్జు కలిపి, నిల్వకి విటమిన్ ఇ వేస్తే మీ గొడవే ఉండదుగా. నీరూ ఉంది, మూతా ఉంది.

నీటిచుక్క: దయచేసి వద్దు. విటమిన్ ఇ నూనె ముక్కిపోకుండా చూస్తుందే గానీ బూజునీ బాక్టీరియానీ ఆపదు. నీరు చేరిన మరుక్షణం ప్రిజర్వేటివ్ కావాలి. బూజు కంటికి కనపడేసరికి అప్పటికే ఆలస్యం, పైగా మీరు రాసేది పగిలిన చర్మం మీద.

వెన్నముద్ద: చూశారా! చివరికి ఫ్యాక్టరీ డబ్బానే కొనమంటారు. కలబంద రాయాలనుంటే ముందు విడిగా రాసుకుని పైన బటర్ రాస్తే సరిపోతుంది, రసాయనం ఎందుకు?

నీటిచుక్క: డబ్బా కొనమని ఎక్కడన్నాను? నీళ్లు లేని బటర్‌కి ప్రిజర్వేటివ్ అక్కర్లేదనే నా మాట కూడా. చదవకుండానే కోప్పడితే ఎలా?

వెన్నముద్ద: సరే, కోపం ఎందుకో చెబుతాను. డబ్బా వెనక 20 పేర్లుంటాయి. చర్మం మండితే ఏది కారణమో ఎలా పట్టుకుంటాం? ఒకే ఒక్క పదార్థం రాస్తే దొంగ దొరుకుతాడు. నేను షియా పట్టుకు వేలాడేది అందుకే, అదేదో అమృతమని కాదు.

నీటిచుక్క: ఈ మాట మొదట్లోనే అనుంటే ఇంత రగడ ఉండేది కాదు. నా భయం వేరు. "సహజం" అని వినగానే జనం పరీక్షించడం మానేస్తారు. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ సహజమే, అది పడనివాళ్లున్నారు. సువాసన నూనెలూ అంతే. దురదతో నిద్రపట్టక, చర్మం ఎర్రబడి రసి కారుతున్నా నెలల తరబడి బటర్ మారుస్తూ కూర్చుంటారు. అప్పుడు కావాల్సింది చర్మవైద్యుడు.

వెన్నముద్ద: రసి కారితే నేనూ బటర్ రాయమనను.

సందేహి: నాకు రసి లేదు బాబూ, పొట్టే. ఏది ముందు, ఏది తర్వాత?

నీటిచుక్క: చెమ్మ ఒంటికి పలచని లోషన్, ఒకటి రెండు నిమిషాలు ఆగి పైన బటర్. ముందే బటర్ రాస్తే లోషన్ దాని మీద జారుతుంది. మడమలకైతే 10 శాతం యూరియా క్రీమ్, పగుళ్లు తెరుచుకుని ఉంటే మండుతుంది, అవి మూసుకున్నాకే.

వెన్నముద్ద: నా మాటా, ఆయన మాటా పక్కన పెట్టండి. ఎడమ పిక్కకి బటర్ ఒక్కటే, కుడి పిక్కకి లోషన్ మీద బటర్. వారం రోజులు, మధ్యలో ఇంకేదీ మార్చకుండా. సబ్బు కూడా అదే.

నీటిచుక్క: ఒప్పుకున్నా. కానీ "తేమ ఇస్తుంది" మాత్రం తప్పే.

వెన్నముద్ద: ఇస్తుంది.