సంక్రాంతి సెలవులకి పిల్లలతో హైదరాబాద్ వస్తున్నాం. ఈ వయసు పిల్లలకి ఏం చూపించాలి?

గౌతమిపాయ:

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మామగారు కాలం చేసి ఇంకా ఏడాది తిరగలేదు, అందుకని ఈసారి మా ఇంట్లో పండగ లేదు. ముగ్గూ లేదు, పిండివంటా లేదు. చుట్టూ ఊరంతా సందడిగా ఉంటే పిల్లలిద్దర్నీ ఇంట్లో కూర్చోబెట్టడానికి మనసొప్పక హైదరాబాద్‌లో మా ఆడపడుచు వాళ్లింటికి తీసుకొస్తున్నాను. వాళ్లుండేది కేపీహెచ్‌బీ కాలనీలో. భోగికి ముందురోజు దిగి, కనుమ అయ్యాక తిరుగు ప్రయాణం.

అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, బొమ్మలు వేస్తుంది, పుస్తకం దొరికితే లోకం పట్టదు. బాబు ఎనిమిదో తరగతి, ఇంట్లో పాడైన ఫ్యానో మిక్సీనో ఉంటే విప్పేదాకా నిద్రపోడు. చిన్నప్పుడు ఒకసారి వచ్చినప్పుడు జూ పార్కు, లుంబినీ పార్కు చూపించాం. ఇప్పుడు వాటి పేరెత్తితే "మేమింకా చిన్నపిల్లలమా అమ్మా" అంటున్నారు. ఏది చెప్పినా ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చట్లేదు. పైగా కనుమ నాడు మా కోనసీమ జాతర, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఫ్రెండ్సంతా వెళ్తారు, ఆ ఫొటోలు ఫోన్‌లో చూసి వీళ్లు బెంగ పడతారేమో అని నా టెన్షన్.

మాకు కారు లేదు. ఏటిసూతకం కాబట్టి గుళ్లకి వెళ్లం. ఒక రోజుకి కాస్త గట్టిగా ఖర్చు పెట్టగలం, మిగతా రోజులు మామూలుగా గడిచిపోవాలి. అక్కడే ఉంటున్నవాళ్లు ఏది చూస్తే బాగుంటుందో చెప్పండి, ఏది అనవసరమో కూడా చెప్పండి.

కూకట్‌పల్లి కాపురం:

మంచిపని చేస్తున్నారమ్మా. అసలు హైదరాబాద్ చూడాలంటే సంక్రాంతి అంత మంచి సమయం ఇంకోటి లేదు. సగం ఊరు ఆంధ్రాకి, పల్లెలకి వెళ్లిపోతుంది, మామూలు రోజుల్లో గంట పట్టే దారి ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. రైళ్లలోనూ మీరు జనానికి ఎదురు వస్తున్నారు కాబట్టి సీట్లు దొరుకుతాయి.

నన్నడిగితే మొదటి రోజు గోల్కొండ. కానీ పొద్దున వెళ్లొద్దు, మధ్యాహ్నం మూడు దాటాక లోపలికి వెళ్లేలా చూసుకోండి. ఫతే దర్వాజా లోపల గుమ్మటం కింద ఒక చోటుంది, అక్కడ చప్పట్లు కొడితే గుట్ట పైనున్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. గైడు కొట్టి చూపిస్తే అందరూ తలూపి ముందుకెళ్లిపోతారు, మీరు అలా చేయకండి. బాబుని, వాళ్ల నాన్నని ముందు పైకి పంపి, ఫలానా టైముకి కొడతాం అని చెప్పి, మీరు అమ్మాయీ కింద నుంచి కొట్టండి. విప్పి చూసే పిల్లాడన్నారు కదా, శబ్దం అంత దూరం ఎలా వెళ్లిందో వాడే బుర్ర బద్దలుకొట్టుకుంటాడు. మెట్లు 360కి పైగా ఉంటాయి, మధ్యలో ఆగుతూ ఎక్కితే ఏం కాదు. దారిలో రామదాసు చెర వస్తుంది. పైనుంచి పడే కాస్త వెలుతురులో గోడ మీద చెక్కిన రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడి బొమ్మలు కనిపిస్తాయి, ఆయనే చెక్కాడని చెబుతారు. మీ అమ్మాయిని అక్కడ తొందరపెట్టకండి. పైన మహంకాళి గుడి ఉంది, మీకు కుదరదు కాబట్టి దాన్ని దాటి బారాదరి అనే దర్బారు మండపం దగ్గరికి వెళ్లిపోండి, సూర్యుడు దిగే వేళకి అక్కడ ఉండాలి.

ఇంకో మాట పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్లండి. గోల్కొండ వజ్రాలు గోల్కొండలో దొరికినవి కావు, బేరాలు మాత్రమే అక్కడ జరిగేవి. గనులు మన కృష్ణ ఒడ్డున, పల్నాడులోని కొల్లూరు లాంటి చోట్ల ఉండేవి. ఇది తెలిశాక ఆ కోట వేరే ఎవరిదో అనిపించదు. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది, ఏ రోజు ఏ భాషలోనో కనుక్కుని వెళ్లండి. గోల్కొండకి మెట్రో లేదు, కేపీహెచ్‌బీ నుంచి క్యాబ్ మాట్లాడుకోవడమే మేలు.

సెకండియర్ మెకానికల్:

ఆంటీ, నాకు పందొమ్మిదేళ్లు, కాబట్టి పిల్లల వైపు నుంచి చెప్తాను. సెలవుల్లో మమ్మల్ని పొద్దున్నే ఆరింటికి లేపి, రోజుకి ఐదు చోట్లకి పరిగెత్తించి, ప్రతిచోటా నిలబెట్టి ఫొటోలు తీస్తే ఏ ఊరైనా విసుగొస్తుంది. రోజుకి ఒకటి చాలు, మహా అయితే రెండు. ఒక రోజు ప్లాన్ మొత్తం అక్కకి ఇచ్చేయండి, ఇంకో రోజుది తమ్ముడికి. ఇంత డబ్బు, ఇన్నింటికల్లా ఇల్లు చేరాలి అని రెండే రూల్స్ పెట్టండి. మెట్రో మ్యాప్ చూసి, ఎక్కడ దిగాలో వాళ్లే చూసుకుని మిమ్మల్ని తీసుకెళ్తారు. కేపీహెచ్‌బీ నుంచి చాలా ఈజీ, మియాపూర్–ఎల్బీనగర్ లైన్ మీద ఉన్నారు, ఐటీ వైపు వెళ్లాలంటే అమీర్‌పేటలో మారాలి, అంతే.

మిషన్లంటే ఇష్టం ఉన్న తమ్ముడికి ఒక చోటు చెప్తాను, చాలామంది వదిలేస్తారు. బహదూర్‌పురాలో జూ పార్కుకి దగ్గరలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. బూటు ఆకారంలో కారు, క్రికెట్ బ్యాటులా కారు, బర్గర్‌లా కారు, అన్నీ చేత్తో తయారుచేసినవి, పైగా ఇంజన్ వేసి నడిపేలా కట్టినవి. వాటిని తయారుచేసిన సుధాకర్ గారు కట్టిన 41 అడుగుల పైచిలుకు మూడు చక్రాల సైకిల్‌కి 2005లో గిన్నిస్ రికార్డు వచ్చింది. పెద్ద మ్యూజియం కాదు, గంటలో అయిపోతుంది, కానీ ఒక మనిషి పట్టుబట్టి ఇన్ని తయారుచేశాడా అనిపిస్తుంది. నేను మెకానికల్‌లో చేరడానికి ఆ చోటుకి కూడా కొంత వాటా ఉంది.

పాతబస్తీ నడక:

సుధా కార్స్ చెప్పినందుకు సంతోషం. అటు వెళ్లినవాళ్లు చార్మినార్, సాలార్‌జంగ్ కలిపి ఒక రోజు పెట్టుకోవచ్చు, అన్నీ ఒకే వైపు. ఒక్కటే గుర్తుపెట్టుకోండి, సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు. పండగ రోజున తెరుస్తారో లేదో ముందురోజే కనుక్కోండి.

సాలార్‌జంగ్ మొత్తం తిరగాలని చూడకండి, అన్ని గదులూ చూస్తే పెద్దవాళ్లకే కాళ్లు పడిపోతాయి. మూడు వస్తువులు చాలు. మొదటిది సంగీత గడియారం. పన్నెండింటికి పది నిమిషాల ముందే వెళ్లి ముందు వరసలో కూర్చోండి. గంట కాబోతుండగా గడ్డం ఉన్న ఒక చిన్న బొమ్మ తలుపు తోసుకుని బయటికొస్తుంది, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. అందరూ ఆ బొమ్మనే చూస్తారు. మీ బాబుకి మాత్రం పక్కనున్న కమ్మరి బొమ్మని చూపించండి, అది సెకనుకో దెబ్బ చొప్పున ఆగకుండా సమ్మెట వేస్తూనే ఉంటుంది. రెండోది ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కా. ముఖం మీద పల్చటి మేలిముసుగు, దాని వెనక కళ్లూ పెదవులూ కనిపిస్తుంటాయి, అంతా ఒకే పాలరాయి. బొమ్మలు వేసే అమ్మాయి అక్కణ్నుంచి కదలదు. మూడోది ముందు నుంచి ఫౌస్ట్ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫెలిస్, వెనక నుంచి అదే నాటకంలోని అమ్మాయి మార్గరెటా కనిపించే కొయ్య బొమ్మ, వెనక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దర్నీ ఒకేసారి చూడొచ్చు.

అక్కణ్నుంచి చార్మినార్. 1591లో కట్టింది. పైకి ఎక్కే మెట్లు సన్నగా, మెలికలు తిరిగి ఉంటాయి, పిల్లలకి ఆ ఎక్కడమే సరదా. దిగాక లాడ్ బజార్‌లో గాజులు కొనడం కంటే చేయడం చూడండి. కొలిమి మీద లక్క మెత్తబరిచి, వేడి చల్లారకముందే చిన్న చిన్న రాళ్లు వేళ్లతో ఒక్కోటి అద్దుతారు. మీ అమ్మాయి కొలతకి, తను అడిగిన రంగులో చేసిచ్చేవాళ్లు కూడా దొరుకుతారు. మీ ఆడపడుచు గారు వెంట ఉంటే బేరం ఆవిడకి వదిలేయండి. తర్వాత చార్మినార్ పక్కనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. చాయ్ తాగని పిల్లలైనా ఆ బిస్కెట్లు వదలరు.

జనవరిలో వస్తున్నారు కాబట్టి నుమాయిష్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. 1938లో మొదలైన ఎగ్జిబిషన్, మామూలుగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి మైదానంలో జరుగుతుంది, వచ్చిన డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతుంది. మీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి నేరుగా గాంధీభవన్‌లో దిగితే గేటు పక్కనే. సాయంత్రం వెళ్లండి. కాశ్మీరు శాలువాల నుంచి లక్నో చికన్ పని బట్టల దాకా దేశమంతా ఒకేచోట దుకాణాలు పెట్టినట్టుంటుంది, జెయింట్ వీల్ ఉంటుంది, మిర్చి బజ్జీ తప్పనిసరి. తీర్థం వాతావరణం కావాలన్నా పిల్లలకి అదే దగ్గరగా ఉంటుంది. జనం బాగా ఉంటారు, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో లోపలికి వెళ్లగానే అనుకోండి, లోపల ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.

గౌతమిపాయ:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. తమ్ముడూ, నీ మాట విని ఇప్పుడే పిల్లలకి చెరొక రోజు ఇస్తానన్నాను, అప్పుడే ఇద్దరూ తలుపేసుకుని మ్యాప్ ముందు కూర్చున్నారు, పొద్దుటి నుంచి మొదటిసారి కొట్టుకోకుండా ఉన్నారు. ఖర్చు పెట్టే ఆ ఒక్క రోజుకి రామోజీ ఫిల్మ్ సిటీయా, వండర్లానా? మా వారు ఫిల్మ్ సిటీ అంటున్నారు, బాబు వండర్లా అంటున్నాడు. ఇంకోటి, పిల్లలిద్దర్నీ మాల్‌లో కాసేపు వాళ్లంతట వాళ్లని వదలొచ్చా? ఆడపిల్ల కదా అని మా అత్తగారు వద్దంటున్నారు.

ఓఆర్ఆర్ పక్కన:

మాకూ ఇద్దరు పిల్లలు అదే వయసువాళ్లు, రెండూ చూశాం. ఈ వయసుకి నా ఓటు వండర్లాకే. ఫిల్మ్ సిటీ చాలా పెద్దది, బస్సులో తిప్పి సెట్లు చూపిస్తారు, షోలు ఉంటాయి, పెద్దవాళ్లకీ చిన్నపిల్లలకీ బాగా నచ్చుతుంది. పదమూడు దాటినవాళ్లకి చూడటం కంటే ఎక్కడం, దూకడం కావాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద ఉంది. పండగ ముందు రోజుల్లో ఊళ్లకి వెళ్లే కార్లన్నీ ఆ రోడ్డు మీదే ఉంటాయి. మీ వారు పట్టుబడితే భోగికి ముందు మాత్రం వద్దు, సరిగ్గా సంక్రాంతి రోజున వెళ్లండి.

వండర్లా రావిర్యాల దగ్గర, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎగ్జిట్ 13. కేపీహెచ్‌బీకి ఊరి అవతలి కొస, రానూపోనూ క్యాబ్ ముందే మాట్లాడుకోండి, రాత్రి అక్కడ వెతుక్కోవడం కష్టం. జనవరి కాబట్టి నీళ్ల రైడ్లు పొద్దున్నే వద్దు, ముందు పెద్ద రైడ్లు ఎక్కించి ఎండెక్కాక నీళ్లలోకి దింపండి. ఈత బట్టలు ఇంటి నుంచే తీసుకెళ్లండి. పెద్ద రైడ్లకి ఎత్తు కొలుస్తారు, బాబు ఎత్తు ఇంట్లోనే చూసి వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. అక్కడిదాకా వెళ్లాక ఎక్కనివ్వకపోతే ఆ వయసు పిల్లాడు చాలా చిన్నబుచ్చుకుంటాడు. స్టూడెంట్ కార్డులు కూడా దగ్గర పెట్టుకోండి, ఏవైనా ఆఫర్లు ఉంటే పనికొస్తాయి.

మాల్ విషయంలో మీ అత్తగారి భయం అర్థం చేసుకోగలను. కానీ ఇద్దరూ కలిసే ఉంటారు, ఇద్దరి దగ్గరా ఫోన్లుంటాయి, మీరూ అదే మాల్‌లో కింద ఫుడ్ కోర్టులో ఉంటారు. రెండు గంటలు వదలండి. రేపు ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) అయ్యాక అమ్మాయి హాస్టల్‌కి వెళ్లేదే కదా, మీరు దగ్గరలో ఉండగానే అలవాటు కావడం మంచిది. పెద్దావిడకి ఇలా నెమ్మదిగా చెప్పి చూడండి.

సెకండియర్ మెకానికల్:

ఆంటీ, ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నేను ఏకీభవించను. మాల్ మీ దగ్గర రాజమండ్రిలోనూ ఉంటుంది, ఆ రెండు గంటలు దానికెందుకు? వాళ్లని వదలాలనుకుంటే ఆదివారం పడితే ఆబిడ్స్‌లో వదలండి. దుకాణాలు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. అక్కకి ఓ మూడొందలు ఇస్తే సంచి నిండా తెచ్చుకుంటుంది. అక్కణ్నుంచి మోజంజాహీ మార్కెట్‌కి కాస్త నడిస్తే చాలు, పండ్లతో చేసే ఐస్‌క్రీమ్‌కి ఆ చోటు చాలా ఏళ్లుగా పేరు.

బిర్లా ప్లానిటోరియం కూడా చూడండి, అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే దగ్గర. పక్కనే బిర్లా మందిర్, మీరు వెళ్లరు కాబట్టి సైన్స్ మ్యూజియంలో ఎక్కువసేపు ఉండొచ్చు. అక్కడ కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన అసలు ఎముకలు. మన తెలుగు నేల మీద తిరిగిన జంతువు అంటే తమ్ముడు నోరెళ్లబెడతాడు.

కూకట్‌పల్లి కాపురం:

కనుమ నాటి బెంగ గురించి ఒక్క మాట చెప్తాను. ఆ రోజు ఏ టిక్కెట్టూ కొనొద్దు. ఇక్కడ సంక్రాంతి అంటే పతంగులు, మధ్యాహ్నం నుంచి ప్రతి డాబా మీదా పిల్లలే. మీ ఆడపడుచు గారి అపార్ట్‌మెంట్ పైకి పిల్లల్ని పంపండి, మా కాలనీల్లో కొత్త పిల్లల్ని పేరడిగేలోపే చరఖా (దారం చుట్టే చక్రం) చేతికిచ్చేస్తారు. ధూల్‌పేటలో తయారైన పతంగులు ముందురోజే కొనిపెట్టుకోండి. దారం మాత్రం మామూలు నూలు దారమే కొనండి, చైనా మాంజా అనే నైలాన్ దారం నిషేధం, దాంతో పిట్టలు చచ్చిపోతున్నాయి, బండ్ల మీద వెళ్లేవాళ్ల మెడలు తెగుతున్నాయి, ఎవరైనా ఇచ్చినా పిల్లల్ని తీసుకోవద్దని చెప్పండి. అంతకుముందు రోజుల్లో పరేడ్ గ్రౌండ్స్‌లో పతంగుల పండగ పెడితే అదీ చూడొచ్చు, ఈమధ్య అక్కడ జరుపుతున్నారు, తేదీలు పేపర్లో వస్తాయి. అమీర్‌పేటలో మారి పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో దిగాలి.

నుమాయిష్‌కి వెళ్లిన రాత్రి ఆఖరి మెట్రో ఎన్నింటికో గాంధీభవన్‌లో దిగినప్పుడే అడగండి. కొన్నేళ్లుగా ఎగ్జిబిషన్ రోజుల్లో టైము పొడిగిస్తున్నారు, ఈసారి ఎలా ఉందో కౌంటర్‌లో చెబుతారు. తిరుగు టిక్కెట్టు కూడా అప్పుడే ఇస్తే తీసేసుకోండి, రాత్రి అక్కడ క్యూ చాలా పొడుగుంటుంది.