అప్‌డేట్: మా పాప చదువుతోందండీ

మా పదేళ్ల పాప తెలుగు పుస్తకం రెండు పేజీలు దాటడం లేదు, ఏం కొనమంటారని సెలవుల ముందు అడిగాను కదా. ఎక్కువమంది ‘రైలుబడి’, ‘బుడుగు’ చెప్పారు. రెండూ విజయనగరం తెప్పించుకున్నాం.

‘రైలుబడి’ వదలకుండా చదివింది. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తను చిన్నప్పుడు చదివిన బడి గురించి 1981లో రాసిన పుస్తకం. పాత రైలుపెట్టెలే తరగతి గదులు. కొత్తగా చేరిన పిల్ల చెప్పే కబుర్లన్నీ హెడ్మాస్టరు నాలుగు గంటలపాటు కూర్చుని వింటాడు. ఆ బడిలో పిల్లల క్యారేజీలో సముద్రానిది కొంచెం, కొండలది కొంచెం ఉండాలి. అది చదివిన మర్నాడు మా పాప అన్నం ముందు కూర్చుని, ‘నెత్తళ్లు సముద్రానివి, ఆనపకాయ కొండది’ అని వేలు పెట్టి చూపించింది. నాకు కళ్లు చెమర్చాయి.

‘బుడుగు’ మాత్రం తనంతట తాను చదవలేకపోయింది. ముళ్లపూడి వారి పలుకుబడి చెవితో వినాలి. మా అమ్మ రాత్రిళ్లు పైకి చదువుతుంటే, సీగానపెసూనాంబ పేరు వచ్చినప్పుడల్లా ‘నాన్నమ్మా, మళ్లీ మళ్లీ’ అని ఒకటే నవ్వు. బాపు బొమ్మలు చూసి గీస్తోంది కూడా.

మన ఊరి గురజాడ రాసిన ‘పూర్ణమ్మ’ గేయం కూడా ఒకరు చెప్పారు. చదివాక, ‘వాళ్ల నాన్న డబ్బు ఎందుకు తీసుకున్నాడు?’ అని అడిగింది. డబ్బు తీసుకుని ఆడపిల్లకు పెళ్లి చేసే కన్యాశుల్కం ఆచారం గురించి నెమ్మదిగా చెప్పాను. పెద్దవాళ్లు పక్కన కూర్చుంటేనే ఇది ఇవ్వండి.

అందరికీ చాలా థాంక్సండీ.